ముక్కల మాస్టారి మూడు మిల్లీమీటర్లు

ఆసుపత్రి వెనక భవనంలో మెట్లు దిగి ఎడమవైపు తిరిగితే ఒక గది ఉండేది. దాని కిటికీలోంచి చూస్తే ఆకాశం కాదు, దారిన పోయేవాళ్ళ చెప్పులు కనిపించేవి. ఆ గదిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని పనిచేస్తున్న మనిషిని అందరూ ముక్కల మాస్టారు అనేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఆ పేరు విని ఆయనకి ఎక్కడో మాంసం కొట్టు ఉందనుకునేవారు. ఒకాయన ఆదివారం లేత మాంసం ఉంచమని కూడా చెప్పాడు. మాస్టారు కోపగించుకోలేదు. "మా దగ్గర కిలోలు దొరకవు బాబూ, మైక్రాన్లే" అని మళ్ళీ మైక్రోస్కోపులో తల దూర్చారు.

ఆపరేషన్లలో తీసిన కణితినో, చనిపోయినవాళ్ళ ఒంట్లోంచి తీసిన అవయవాన్నో మైనంలో పోసి, గట్టిపడ్డాక తలవెంట్రుకలో పదోవంతుకన్నా పలచగా కోసి, గాజుపలక మీద పరిచి రంగులద్దటం ఆయన పని. జబ్బు పేరు చెప్పేది పై అంతస్తులో డాక్టర్లు. ఆ జబ్బు కంటికి ఆనేలా చేసేది కింద గదిలో ఈయన. పత్రికల్లో పేర్లు పడేది పై అంతస్తువాళ్ళవే. దానికి ఆయనకి వీసమెత్తు బాధ లేదు. "పాట బాగుందంటారు గానీ మైకు బాగుందంటారా ఎవరైనా" అనేవారు.

కాకపోతే ఒక్క పని మాత్రం ఆ ఆసుపత్రి మొత్తానికి ఆయన ఒక్కరికే వచ్చు. అది స్టెంటు వేసిన గుండె రక్తనాళాన్ని కోయటం. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం పూడుకుపోతే డాక్టర్లు అందులోకి ఒక సన్నటి లోహపు జాలీని పంపి, బుడగతో విప్పి, గోడలకి ఆనించి వదిలేస్తారు. దాంతో చాలామంది లేచి ఇంటికి వెళ్ళిపోతారు. అలా వెళ్ళినవాళ్ళలో ఎవరైనా ఎప్పుడో పోతే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే, ఆ గుండె పరిశోధన కోసం మాస్టారి బల్ల మీదికి వచ్చేది. మెత్తటి కండ, మధ్యలో గట్టి లోహం. మామూలు కత్తి పెడితే లోహం కదిలి కండని చీల్చేస్తుంది. అందుకని మాస్టారు దాన్ని గాజులా గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంలో ముంచి, రోజుల తరబడి ఆగి, వజ్రపు అంచున్న రంపంతో బిళ్ళలుగా కోసి, ఒక్కో బిళ్ళనీ అవతలి వెలుతురు కనిపించేదాకా అరగదీసేవారు. ఒక్క బిళ్ళకి ఒక పూట పట్టేది. చివరికి మైక్రోస్కోపు కింద గుండ్రటి నాళం, దాని లోపలి అంచు వెంట నల్లటి చుక్కలు కనిపించేవి. ఆ చుక్కలే జాలీ తీగలు.

ఆ చుక్కల చుట్టూ ఏం జరుగుతుందో మాస్టారికి కంఠతా వచ్చు. తీగ వచ్చి ఆనగానే ఒళ్ళు దాన్ని గాయం కిందే లెక్కేస్తుంది. ముందు రక్తం గడ్డకట్టి పలచటి పొరగా అంటుకుంటుంది. తర్వాత వాపు కణాలు వస్తాయి. ఆ వెనకాల గోడలోని కండర కణాలు పాక్కుంటూ వచ్చి తీగని కప్పుతాయి. ఆఖరున ఆ కప్పు మీద ఒకే ఒక్క వరస కణాలు నున్నగా పరుచుకుంటాయి. ఆ వరస వచ్చిందంటే రక్తానికి ఇక లోహం కనపడదు, గడ్డకట్టాలన్న బుద్ధి పుట్టదు. పాత రకం ఉత్త తీగల మీద ఈ కప్పు మరీ ఉత్సాహంగా పెరిగి నాళాన్ని మళ్ళీ మూసేస్తుండేది. అందుకని తీగలకి మందు పూత పూశారు. మందు ఆ ఉత్సాహానికి పగ్గం వేసింది. అయితే దానికి అతి ఏదో అవసరం ఏదో తెలియదు కాబట్టి అసలు కప్పటమే ఆలస్యమైంది. నెలలు గడిచినా కొన్ని తీగలు బోసిగా ఉండిపోయేవి.

"మానకుండా మందు పూసి, ఇంకా మానలేదేంటని అడుగుతారు" అని మాస్టారు విద్యార్థులతో అనేవారు. వాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవారు కాదు. బోసి తీగని పట్టుకోవటంలో ఆయనది గద్ద కన్ను. నూటికి రెండు తీగలు బోసిగా ఉన్నా ఆ రెండింటినీ వెతికి, వాటి మీద కూర్చున్న గడ్డని చూపించి, మనిషి ఎలా పోయాడో చెప్పేసేవారు.

యాభై ఎనిమిదో ఏట ఒక సోమవారం పొద్దున్న బిళ్ళ అరగదీస్తుండగా ఆయన ఎడమ దవడ లాగింది. పిప్పిపన్ను అనుకున్నారు. భుజం లాగింది. అరగదీసే యంత్రం ఎత్తు సరిగ్గా లేదనుకున్నారు. చొక్కా తడిసి ముద్దయింది. ఫ్యాను మెకానిక్‌ని తిట్టుకున్నారు. గుండెపోటుతో పోయిన రెండొందల పైచిలుకు మందిని ముక్కలు చేసి చూసిన మనిషి, తన దాకా వచ్చేసరికి పంటినీ ఫ్యానునీ అనుమానించారు.

రక్తబ్యాంకు నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదిగా పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి, మాట కత్తిరించినట్టు మాట్లాడుతుంది. ఆవిడ ఆయన మొహం చూసి లేచింది.

"మాస్టారూ, మీ మొహం మన మైనంలా ఉంది."

"పన్ను నొప్పి అమ్మా. లవంగం ఉందా?"

ఆవిడ లవంగం కోసం వెళ్ళినట్టే వెళ్ళి చక్రాల కుర్చీతో వచ్చింది.

"ఛ, నేను నడవగలను."

"నడిచి పైకి వెళ్తే సాయంత్రానికి మళ్ళీ మన గదికే వస్తారు. కూర్చోండి."

ఈ మాటలోని తర్కం మాస్టారికి నచ్చింది. కూర్చున్నారు.

పైన గుండె డాక్టరమ్మ ఆయన్ని చూడగానే ఒక్క క్షణం విద్యార్థి అయిపోయింది. పదేళ్ళ కిందట ఆయన గదిలో ఒక గాజుపలక పగలగొట్టి, "అది మూడు వారాల పని, ఒక మనిషి ఆఖరి ముక్క" అని అందరి ముందూ చీవాట్లు తిన్న పిల్ల ఆవిడే. ఇప్పుడు ఆయన బల్ల మీద పడుకుని ఉన్నారు, ఆవిడ చేతిలో తీగ ఉంది.

"మాస్టారూ, ముందు వైపు నాళం మూసుకుపోయింది. స్టెంటు వేస్తున్నాను."

"మందు పూతదేనా? ఏ మందు?"

"ఊపిరి బిగపట్టండి."

"తీగ మందం ఎంత?"

"ఇది వైవా కాదు మాస్టారూ. అయినా అడగాల్సింది నేను." ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే జాలి తలిచి చెప్పింది. "మూడు మిల్లీమీటర్ల వెడల్పు. తీగ మీ తలవెంట్రుక అంత మందం. సరేనా?"

"నాకు తలవెంట్రుకలు ఎక్కడున్నాయి, పోల్చుకోటానికి" అన్నారు మాస్టారు. అంతలో బుడగ విచ్చుకుని, దవడ నొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. ఆయన సంతోషించలేదు. గోడకి తీగ ఆనింది, గాయం మొదలైంది అనుకున్నారు.

నాలుగో రోజు ఇంటికి పంపారు. రెండు రకాల మాత్రలు రోజూ తప్పకుండా వేసుకోవాలి, ఏడాది అయ్యాక ఒకటి తగ్గిద్దాం అని డాక్టరమ్మ చెప్పింది. మిగతా జాగ్రత్తలు అందరికీ చెప్పేవే. వాటితో ఊరుకుంటే ఆయన ముక్కల మాస్టారు ఎందుకవుతారు? భార్యని కూర్చోబెట్టి, ఆవిడ సంచీలోంచి ఒక కాగితం తీసి, వెనక వైపు గుండ్రంగా ఒక గీత గీసి లోపల పన్నెండు చుక్కలు పెట్టారు.

ఆవిడ కళ్ళద్దాల కొట్లో పనిచేస్తుంది. రోజంతా ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా" అని అడిగే ఉద్యోగం. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా తొందరపడని ఓర్పు ఆ కొట్టే నేర్పింది.

"ఇది మీదా?" అంది బొమ్మ చూసి.

"ఎవరిదైనా ఇంతే. ఈ వారం చుక్కల మీద గడ్డ పొర ఉంటుంది. వచ్చే వారం వాపు కణాలు వస్తాయి. నెలకి కండర కణాలు బయలుదేరతాయి. మందు వాటిని రానివ్వదు. వాటి తంటాలు అవి పడాలి."

"మీరేం చెయ్యాలి?"

"నేనేం చేస్తాను? కదలకుండా ఉంటాను."

ఉన్నారు కూడా. మెట్టు దిగాలంటే రెండు పాదాలూ ఒకే మెట్టు మీద పెట్టి, ఊపిరి చూసుకుని, తర్వాతి మెట్టు దిగేవారు. తుమ్ము వస్తే ముక్కు నొక్కుకునేవారు. టీవీలో హాస్య కార్యక్రమం వస్తే వార్తలకి మార్పించేవారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "మీ ఆయనకి ఎలా ఉందండీ" అంటే మాస్టారి భార్య ఉన్నమాటే చెప్పింది: "ఈ వారం వాపు కణాలు వచ్చాయటండీ. వచ్చే నెల కండర కణాలు వస్తాయట." ఇంటికి చుట్టాల తాకిడి ఎక్కువైందని పక్కింటావిడ జాలిపడి నాలుగు కుర్చీలు పంపించింది.

రెండో నెలలో బావమరిది వచ్చాడు. కారు నడపటం నేర్పే బడి అతనిది. రోజుకి ఎనిమిది మంది కొత్తవాళ్ళ పక్కన కూర్చుని గోడలకీ స్తంభాలకీ దగ్గరగా వెళ్ళి వచ్చే మనిషి. అతనికి రెండేళ్ళ కిందటే స్టెంటు పడింది. దాన్ని అతను స్ప్రింగు అనేవాడు. వస్తూనే అక్క జరపమన్న బీరువాని ఒంటిచేత్తో జరిపి, చెమట తుడుచుకుంటూ కూలబడ్డాడు.

"బావా, మనిద్దరం ఇప్పుడు స్ప్రింగు బంధువులం."

"నీది ఏ రకంరా?"

"ఇనప రకం."

"పూత ఉందా?"

"తుప్పు పట్టకుండా ఏదో పూస్తారు కదా."

మాస్టారు కళ్ళు మూసుకుని తెరిచారు. "మాత్రలు ఏవేవి వేసుకుంటున్నావు?"

"అది మీ చెల్లెల్ని అడగాలి. పొద్దున్నే కాఫీతో పాటు అరచేతిలో పెడుతుంది, నోట్లో వేసుకుంటా. ఒకరోజు గుండీ కూడా మింగేశానంట, అదేదో పక్కన పెట్టిందని."

"రెండేళ్ళలో ఒక్కసారైనా ఆ తీగలు మానాయో లేదో అనుకున్నావా?"

"మానటమేంటి బావా? ఇనుముకి దెబ్బ తగలదు కదా."

మాస్టారు కాగితం తీసి గుండ్రంగా గీసి చుక్కలు పెట్టటం మొదలుపెట్టారు. బావమరిది పది నిమిషాలు శ్రద్ధగా విన్నాడు, విని నిద్రపోయాడు. గురక పెడుతూ ఎగసిపడుతున్న ఆ ఛాతీ వైపు మాస్టారు చాలాసేపు చూశారు. ఏమీ తెలియని మనిషి గుండె అంత హాయిగా ఎలా కొట్టుకుంటుందో ఆయనకి అంతుపట్టలేదు. కోపం కూడా వచ్చింది. కష్టపడి చదివినవాడు అత్తెసరు మార్కులతో బయటపడి, పుస్తకం తెరవనివాడు ఫస్టు వస్తే వచ్చే కోపం అది.

మూడో నెలలో పెద్ద ప్రొఫెసర్‌గారు యాపిల్ పళ్ళు పట్టుకుని పలకరించటానికి వచ్చారు. ఇరవై ఏళ్ళుగా స్టెంట్ల మీద పరిశోధన చేస్తున్నది ఆయనే. మాస్టారు కోసిన ముక్కలన్నీ ఆయన వ్యాసాల్లోకే వెళ్ళేవి.

"ఏమయ్యా, దిగులు పడకు. మన దగ్గరున్న కేసులన్నిట్లో వివరాలు పక్కాగా ఉన్నది నీదే" అన్నారు ఉత్సాహంగా.

"కేసేంటండీ?" అంది మాస్టారి భార్య.

ప్రొఫెసర్‌గారు కాస్త తడబడి సంచీలోంచి ఒక ఫారం తీశారు. "తొందరేమీ లేదమ్మా. ఎప్పుడో, యాభై ఏళ్ళ తర్వాత మాట."

మాస్టారికి ఆ ఫారం చూడకుండానే వచ్చు. 'మీ ఆత్మీయుల గుండె విజ్ఞానానికి వెలుగు కావాలని కోరుతున్నాం' అన్న మొదటి వాక్యం రాసింది ఆయనే. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే "ఇంత చిన్న కాగితం మీద సంతకం పెట్టటానికి ఏం ఏడుపో" అని విసుక్కున్నదీ ఆయనే. ఇప్పుడు ఆ వాక్యం ఇంటికి వచ్చి ఒళ్ళో కూర్చుంది. భార్య ఫారం అందుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివింది.

"కింది వరస అక్షరాలు మరీ చిన్నవి. 'అవయవం మొత్తం' అని ఉన్నట్టుంది. ఆ మొత్తం అన్నమాట బాగా కనపడేలా పెద్దక్షరాల్లో వేయించుకురండి. అప్పుడు చదువుకుంటాం" అని మడిచి చేతిలో పెట్టింది. ప్రొఫెసర్‌గారు తను తెచ్చిన పళ్ళలోంచి ఒకటి తిని వెళ్ళిపోయారు.

నాలుగో నెలలో మాస్టారి ఎడమ దవడ మళ్ళీ లాగింది. ఈసారి ఆయన క్షణం ఆలస్యం చెయ్యలేదు. బోసి తీగ మీద గడ్డ కూర్చుందని తేల్చుకుని, భార్య చేత ఆటో పిలిపించి, సరాసరి అత్యవసర విభాగానికి వెళ్ళి పడుకున్నారు. రెండు పూటలు పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ మంచం పక్కన నిలబడింది.

"గుండె బాగుంది మాస్టారూ. ఇది పిప్పిపన్ను."

"నిజం చెప్పమ్మా."

"నోరు తెరవండి. ఇదిగో, నల్లగా కనపడుతూనే ఉంది. తీయించేసుకోండి."

పళ్ళ డాక్టరు మాత్రల పేర్లు విని, ఐదు రోజులు ఒకటి ఆపేస్తే రక్తం త్వరగా ఆగుతుందేమో అన్నాడు. మాస్టారు జేబులోంచి ఫోను తీసి, మాత్రలు ఆపినవాళ్ళ నాళాల ఫోటోలు వరసగా చూపించటం మొదలుపెట్టారు. ఐదో ఫోటో దగ్గర పళ్ళ డాక్టరు మొహం పాలిపోయింది. డాక్టరమ్మకి ఫోను చేస్తే ఆవిడ కూడా ఆపొద్దనే చెప్పింది. మాత్రలు ఆపకుండానే పన్ను పీకారు. రక్తం తీరిగ్గా కారి తీరిగ్గా ఆగింది. మాస్టారు మధ్యాహ్నమంతా దూదిగుడ్డ కరిచిపట్టి, నోరు తెరవకుండా కిటికీ పక్కన కూర్చున్నారు. ఇంట్లో కణాల ఊసు లేకుండా గడిచిన మొదటి మధ్యాహ్నం అది. ఆయన భార్య రేడియో పెట్టుకుని, బట్టలు మడతపెట్టుకుంటూ, చాలా రోజుల తర్వాత కూనిరాగం తీసింది.

ఆరో నెలలో సెలవు అయిపోయింది. మాస్టారు మళ్ళీ ఆ గదిలోకి దిగారు. రక్తబ్యాంకు ఆవిడ ఆయన బల్లని తుడిచి పెట్టి ఉంచింది. బల్ల మీద డబ్బా ఒకటి ఎదురుచూస్తోంది. చీటీ చదివారు. మగ, యాభై తొమ్మిదేళ్ళు. స్టెంటు వేసి పదకొండు నెలలు. రకం, మందు, వెడల్పు, అన్నీ అచ్చం ఆయన స్టెంటువే.

"కావాలంటే ఇది పై వారం చూద్దాం" అంది ఆవిడ, తనూ చీటీ చదివి.

"పై వారం అయితే మాత్రం చీటీ మారుతుందా?"

ద్రవంలో ముంచారు. గట్టిపడేదాకా రోజూ వచ్చి వేలితో తట్టి చూసేవారు. గట్టిపడ్డాక రంపం పెట్టారు. మొదటి బిళ్ళ అరగదీసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెట్టారు. పన్నెండు చుక్కలు. అలవాటు ప్రకారం బోసి తీగ కోసం వెతికారు. ఒకటో చుక్క మీద పలచటి కప్పు ఉంది, దాని మీద నున్నటి వరస. రెండోది కూడా అంతే. మూడోది, నాలుగోది. తిరిగి మొదటికొచ్చి మళ్ళీ చూశారు. ఒక్కటీ బోసిగా లేదు. మరీ పెరిగిపోయిందీ లేదు. నాళం మధ్యలో రక్తానికి చాలినంత దారి తెరుచుకుని ఉంది. నాలుగు రోజుల్లో ఎనిమిది బిళ్ళలు చేశారు. ఎనిమిదీ అంతే.

"ఏమైంది మాస్టారూ?" అంది పక్క బల్ల ఆవిడ, ఆయన తల ఎత్తకపోయేసరికి.

"బాగుంది."

"ఏంటి బాగుంది?"

"నాళం. మొత్తం మానిపోయింది."

"అంత బాగుంటే మనిషి ఎందుకు పోయాడు?"

మాస్టారు చీటీ తిప్పి వెనక వైపు చదివారు. ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రీ. మూడో అంతస్తు పరంజా విరిగి పడ్డాడు.

"పరంజా బాగోలేదు" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నానికి లేవలేదు. అలమరల్లో ఇరవై ఏళ్ళుగా కోసిన స్టెంటు గాజుపలకలు వరసగా ఉన్నాయి. ఒక్కో పెట్టె తీసి, మీద రాసిన కారణం చదివి, మళ్ళీ పెట్టారు. గుండెపోటు. గుండెపోటు. గడ్డ. గుండెపోటు. వేరే కారణంతో పోయినవాళ్ళు ఎంత వెతికినా ఐదుగురు తేలారు. ఆ ఐదుగురి ముక్కలూ బాగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ పనికిరాక అట్టడుగు అరలో పడి ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టిందీ ఆయన చెయ్యే.

మానినవాళ్ళు ఈ గదికి రారు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళుగా ఆయనకి తట్టలేదు. మానినవాళ్ళు బస్సుల్లో, బజార్లలో, కొత్త డ్రైవర్ల పక్క సీట్లలో తిరుగుతున్నారు. వాళ్ళెవరికీ ఈ మెట్లు తెలియవు. తప్పిన పిల్లల పేపర్లు మాత్రమే దిద్ది, ఆ బడిలో ఎవరికీ చదువు రాదని ఇరవై ఏళ్ళు బల్లగుద్ది చెప్పినట్టయింది ఆయన పని. ఆయనకి సంతోషం తన్నుకొచ్చింది. వెంటనే, ఇది ఒక మనిషి పోతే వచ్చిన సంతోషమని గుర్తొచ్చి సిగ్గేసింది.

రెండు వారాల తర్వాత ఆ మేస్త్రీ కూతురు కాగితాల కోసం ఆసుపత్రికి వచ్చి, దారి తప్పి ఆ మెట్లు దిగింది. ముప్పై ఏళ్ళ మనిషి. చేతిలో ఫైలు, కళ్ళ కింద నలుపు. మామూలుగా అయితే మాస్టారు వేలితో పైకి దారి చూపించేవారు. వచ్చినవాళ్ళతో మాట్లాడటం ఆయన పని కాదు. రిపోర్టు చెప్పేది ప్రొఫెసర్‌గారు, అదీ మూడు నెలల తర్వాత. ఆ రోజు మాత్రం పేరు వినగానే ఆయన కుర్చీ జరిపారు.

"కూర్చో అమ్మా."

"ఒక్కటే అడగాలి సార్. గుండె ఆగిపోయి పడ్డాడా మా నాన్న? స్టెంటు వేశాక పనికి వెళ్ళొద్దని అందరూ అన్నారు. ఇంట్లో కూర్చోలేకపోతున్నానంటే నేనే వెళ్ళమన్నాను."

మాస్టారు ఆ మేస్త్రీ గాజుపలక వెతికి మైక్రోస్కోపు కింద పెట్టారు. తర్వాత మైక్రోస్కోపుని ఆవిడ వైపు తిప్పారు.

"చూడు. ఈ నల్లచుక్కలు స్టెంటు తీగలు. వాటి మీద గులాబీ రంగు కప్పు కనపడుతోందా? అది మీ నాన్న ఒళ్ళు కట్టుకున్నది. నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. ఇంత బాగా మానినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. విరిగింది పరంజా అమ్మా. ఈ నాళం ఆయనకి ద్రోహం చెయ్యలేదు."

ఆవిడ కన్ను తీయకుండా చూసింది. "మాత్ర ఒక్కపూట కూడా తప్పలేదు సార్. డబ్బాలో పెట్టి నేనే ఇచ్చేదాన్ని."

"తెలుస్తోంది" అన్నారు మాస్టారు. "ఇదిగో, కనపడుతోంది."

ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చింది. ఏడుస్తున్న మనిషి పక్కన ఏం చెయ్యాలో మాస్టారికి తెలియలేదు. పక్క బల్ల ఆవిడ మంచినీళ్ళు తెచ్చేదాకా మైక్రోస్కోపు అద్దం తుడుస్తూ నిలబడ్డారు.

ఇంటికి వెళ్ళి భార్యకి మేస్త్రీ సంగతంతా చెప్పి, చివర్లో అన్నారు. "ప్రొఫెసర్‌గారి ఫారం మీద సంతకం పెడతాను."

"ఇప్పుడేం మునిగిపోయింది?"

"మానినవి కూడా వాళ్ళు చూడాలి కదే."

"మానితే మీరెందుకు పోతారు?"

"ఎవరికైనా ఏదో ఒక పరంజా ఉంటుంది కదా."

ఆవిడ ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు కొట్లోంచి భూతద్దం తెచ్చి, ఆయన ఆసుపత్రి నుంచి తెచ్చిన ఫారం అక్షరం అక్షరం చదివి, సాక్షి గీత మీద సంతకం పెట్టింది. పెట్టి, దాని కింద తన చేతిరాతతో 'తొందర లేదు' అని రాసి రెండుసార్లు గీత గీసింది. ఆఫీసువాళ్ళు ఆ రెండు మాటలకి నిబంధనల్లో చోటు లేదన్నారు. అయితే ఫారమూ లేదంది ఆవిడ. మూడు బల్లలు తిరిగి చివరికి అలాగే పుచ్చుకున్నారు.

ఏడాది పూర్తయ్యాక డాక్టరమ్మ ఆయన్ని నడిపించి, యంత్రం మీద పరిగెత్తించి, కాగితాలన్నీ చూసింది.

"బాగున్నారు మాస్టారూ. ఇక రెండో మాత్ర ఆపేద్దాం. మొదటిది ఎప్పటికీ ఉంటుంది."

మాస్టారు గతుక్కుమన్నారు. "ఆపేముందు లోపలికి కెమెరా పంపి ఒకసారి చూడొచ్చు కదమ్మా. తీగలు కప్పుకున్నాయో లేదో."

"నొప్పి ఉందా? ఆయాసం?"

"లేవు."

"మరి ఎందుకు చూడటం?"

"తెలుసుకోటానికి."

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "మాస్టారూ, మీకు తెలియాలని మీ నాళంలో ఇంకో గాయం చెయ్యమంటారా? బాగున్న మనిషి బాగున్నాడంటే నమ్మాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ అలాగే నమ్ముకుని వెళ్తున్నారు."

ఊరి వాళ్ళందరి నాళాలూ చూసిన మనిషికి తన మూడు మిల్లీమీటర్లు చూసే యోగం లేదని అర్థమైంది. చూసే దారి ఒకటి ఉంది గానీ, అప్పుడు మైక్రోస్కోపు దగ్గర వేరేవాళ్ళు కూర్చుంటారు. ఆయన చీటీ జేబులో పెట్టుకుని బయటికి వచ్చారు. భార్య వరండాలో నిలబడి ఉంది.

"ఏమంది?"

"ఒక మాత్ర తగ్గించింది. మానిందనుకోమంది."

"అనుకోండి మరి."

ఇద్దరూ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి వాళ్ళ బస్సు స్టాపులోంచి కదులుతోంది. మళ్ళీ బస్సు ముప్పావుగంటకి గానీ లేదు. మాస్టారు "ఆపండి, ఆపండి" అని చెయ్యి ఊపుతూ పరిగెత్తారు. బస్సు వేగం తగ్గింది, కడ్డీ అందింది, ఎక్కేశారు. సీట్లో కూర్చుని ఊపిరి తీసుకుంటూ "రెండు టికెట్లు" అన్నారు.

"రెండో వాళ్ళు ఎవరండీ?" అన్నాడు కండక్టరు.

వెనక అద్దంలోంచి చూస్తే, స్టాపులో భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చిన్నదైపోతోంది. తరవాతి స్టాపులో దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచారు. పది నిమిషాల నడక. ఆవిడ కదలకుండా అక్కడే ఉంది.

"ఎంత వేగంగా వెళ్ళారో తెలుసా?" అంది.

"ఎవరు?"

"మీరే."

మాస్టారు బస్సు వెళ్ళిన దారి వైపు చూశారు. నిజమే. పరిగెత్తినట్టే ఉంది. చెయ్యి అలవాటుగా ఛాతీ దాకా వెళ్ళబోయి, ఆవిడ చేతిలోని సంచీ అందుకుంది.

"తరవాతి బస్సు ఎన్నింటికి?" అని అడిగారు.